చెలక తెలివి ఎవరి సొత్తు?

వ్యవసాయంలోకి కొత్త మేస్త్రి ఒకడు దిగాడు. వాడికి చేతులు లేవు, కాళ్లు లేవు, కడుపు అసలే లేదు. ఎప్పుడు విత్తాలో, ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో, పంటను ఎప్పుడు అమ్ముకోవాలో ఫోనులోంచి చెబుతాడు. వాడి పేరు కృత్రిమ మేధ. పట్నంలో పొట్టిగా ఏఐ అంటారు.

ఈ మేస్త్రి పుట్టుకతో తెలివిగలవాడేమీ కాదు. మనుషులు రాసిన రాతలు, మాట్లాడిన మాటలు, తీసిన ఫోటోలు, వాన లెక్కలు, పంట లెక్కలు కోట్లాదిగా మేపితే, వాటిలో పోలికలు పట్టుకొని జవాబు చెబుతాడు. మేత ఎలాంటిదో జవాబు అలాంటిదే. అచ్చులో ఉన్న మేత చాలావరకు తినిపించారు. ఇప్పుడు పల్లెల్లో నోటి మాటగా, చేతి పనిగా బతుకుతున్న తెలివి మీద కంపెనీల చూపు పడింది. దేశీయ జ్ఞానాన్ని కృత్రిమ మేధలో కలపాలని పెద్ద పెద్ద సభల్లో మాట్లాడుతున్నారు.

వినడానికి ఇది మంచి మాటే. నిన్నటి దాకా చదువు రానోళ్లని తోసిపుచ్చిన వారికి ఇవాళ మన తెలివి విలువైనదిగా కనపడటం సంతోషమే. అయితే నల్లగొండ, పాలమూరు జిల్లాల కష్టజీవికి అనుభవం నేర్పిన ప్రశ్న ఒకటుంది. పని మాది, పంట ఎవరిది? అదే ప్రశ్నను ఇక్కడా వేయాలి. తెలివి మాది, యంత్రం ఎవరిది?

ఊరంతా వేసిన మంటలు

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లో ముక్కలయ్యాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట వేరుపడ్డాయి. సరిహద్దులు మారినా నేల మారలేదు. ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు, రాళ్ల గుట్టలు, నమ్మలేని వాన. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ అంతటిలో ఆముదం సాగుకు ఈ రెండు జిల్లాలే పట్టు. మహబూబ్‌నగర్ జిల్లా పాలెంలోని పరిశోధనా కేంద్రం ఆముదం మీద ఏళ్ల తరబడి పనిచేసిందీ అందుకే. ఆ తర్వాత పత్తి వచ్చి ఆ చెలకలను ఆక్రమించింది.

ఆముదానికి అప్పట్లో పెద్ద శత్రువు ఎర్ర గొంగళి పురుగు. దీన్నే కొన్నిచోట్ల బొంత పురుగు అంటారు. ఎండాకాలమంతా ఈ పురుగు నిద్రావస్థలో మట్టిలో, గట్ల పక్కన, చెట్ల నీడన పడి ఉంటుంది. తొలకరి గట్టిగా కురిసి నేల తడిసిందంటే చాలు, రాత్రిపూట రెక్కల పురుగులై గుంపులుగా లేస్తాయి. ఆకు అడుగున వందల కొద్దీ గుడ్లు పెడతాయి. పిల్లలు పెరిగి బొచ్చు వచ్చిందంటే మందు కొట్టినా సరిగా తగలదు. ఒక చెలకను మొదలంటా తిని, దండు కదిలినట్టు పక్క చెలకలోకి నడుస్తాయి.

1980ల చివర్లో స్వచ్ఛంద సంస్థలు, కొందరు వ్యవసాయ శాస్త్రవేత్తలు కలిసి ఈ మెట్ట జిల్లాల్లో ఒక ప్రయత్నం చేశారు. పురుగు జీవిత చక్రం శాస్త్రవేత్తలకు తెలుసు. ఏ గట్టు పక్కన మట్టి తవ్వితే అది దొరుకుతుందో, ఏ వాన తర్వాత లేస్తుందో, ఏ ఆకు మీదికి ఎగబడుతుందో పల్లెజనానికి తెలుసు. ఈ రెండు తెలివులూ కలిశాయి. ఎండాకాలంలో లోతుగా దున్ని పురుగును బయటపడేశారు. మొదటి వాన పడిన రాత్రుల్లో చెలకల్లో చెత్తాచెదారం పోగేసి మంటలు వేశారు. వెలుగుకు వచ్చిన రెక్కల పురుగులు మంటలో పడి చచ్చాయి. గుడ్లున్న ఆకులను తెంపి కాల్చారు. చెలక చుట్టూ కాలువ తీసి జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేసి, నడిచొచ్చే గొంగళ్లను అక్కడే ఆపారు. మందుల డబ్బా లేకుండా పంట దక్కించుకునే పద్ధతికి ఇది ఒక పునాది అయింది. 2004 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు వేల గ్రామాలకు పాకడానికి ఇలాంటి అనుభవాలే దారి చూపాయి.

ఇందులో ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒక్క రైతు తన చెలకలో ఒక్క మంట వేస్తే లాభం లేదు. పక్క చెలకలో లేచిన పురుగు మళ్లీ ఇటే వస్తుంది. ఒకే రాత్రి, ఒకే పొద్దున, ఊరంతా మంటలు వేస్తేనే పురుగు తగ్గుతుంది. పట్టాదారు, కౌలుదారు, కూలీ, ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ కదిలితేనే అది పని. కాబట్టి ఈ తెలివి ఏ ఒక్కరి తలలోనూ లేదు. అది ఊరి ఐక్యతలో ఉంది. ‘మొదటి వాన పడినాక మంట వేయండి’ అనే ముక్కను యంత్రానికి నేర్పడం అలక. ఊరిని ఒక్క రాత్రికి ఒక్కటి చేయడం యంత్రానికి రాదు. విడివిడిగా ఒక్కొక్క ఫోనుకు వచ్చే సలహాకూ, ఊరు కలిసి వేసే మంటకూ తేడా ఇదే.

యంత్రం చెప్పిందీ ఆరుద్రే

తుంగభద్ర దాటితే కర్నూలు జిల్లా. అక్కడి దేవనకొండ మండలంలో 2016 వానాకాలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఫోనులో తెలుగు సందేశాలు పంపాయి. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలను యంత్రం చేత చదివించి, నేలలో తేమ ఎప్పుడు నిలుస్తుందో లెక్కగట్టించారు. జూన్ మొదట్లో పడిన వానకే తొందరపడి విత్తవద్దని, నెలాఖరు దాకా ఆగమని సలహా వచ్చింది. ఆగినవాళ్లకు దిగుబడి బాగా పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. మరుసటి ఏడు ఆంధ్ర, కర్ణాటకల్లో సుమారు 3,000 మందికి దాన్ని విస్తరించారు.

జూన్ నెలాఖరు అంటే మన లెక్కలో ఏమిటి? ఆరుద్ర కార్తె. జూన్ 22 అటూ ఇటూగా మొదలై జూలై మొదటి వారం దాకా ఉంటుంది. ఆరుద్రలో అడ్డెడు చల్లితే పుట్టెడు పండుతుందని మన ముసలివాళ్లు ఏనాటి నుంచో చెబుతున్నారు. ముప్పై ఏళ్ల లెక్కలు నమిలి యంత్రం చేరిన చోటుకు, మూడు వందల ఏళ్ల నుంచి వానను చూస్తున్న జనం ఎప్పుడో చేరారు. అంటే కార్తెల లెక్క గుడ్డినమ్మకం కాదు. అది రాతలో లేని వాన రికార్డు.

అట్లని పాతదంతా బంగారం అనుకోవడం కూడా తప్పే. వానలు ఇప్పుడు కార్తెలు చూసి పడటం లేదు. మృగశిరలో రావలసిన వాన ఒకసారి ముందొస్తుంది, ఒకసారి మొహం చాటేస్తుంది. పడితే ఒక్కరోజే కుమ్మరించి, ఆ తర్వాత వారాల తరబడి ఎండగడుతుంది. మారిన వానను కొలవడంలో యంత్రం సాయం తప్పకుండా కావాలి. కాని ఆ యంత్రానికి జిల్లా మొత్తం వాన సగటు తెలుస్తుంది గాని, ఫలానా గుట్ట కింది దుబ్బ నేల మూడు రోజుల్లో ఆరిపోతుందని, పక్కనే ఉన్న రేగడి వారం దాకా పదును మీద ఉంటుందని తెలియదు. పిడికెడు మట్టి తీసి పిసికి, ‘ఇంకా పదును రాలె, రేపు చూద్దాం’ అనే పెద్దమనిషికి అది తెలుసు. ఇద్దరూ మాట్లాడుకుంటేనే మేలు. ఇప్పటి ఏర్పాటులో మాట ఒకవైపు నుంచే వస్తోంది. యంత్రం చెబుతుంది, రైతు వింటాడు. యంత్రం తప్పు చెబితే, ‘ఈ మాట మా నేలకు పనికి రాదు’ అని తిరిగి చెప్పే దారి ఉందా? విత్తనం మట్టిలో పోసి నష్టపోతే పూచీ ఎవరిది?

సలహా వెనుక సరుకు

2017లో మైక్రోసాఫ్ట్ కంపెనీ మరో పని చేసింది. పత్తికి ఏ పురుగు ఎప్పుడు వస్తుందో ముందే లెక్కగట్టే ఏర్పాటును తయారుచేసి, తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో 50 గ్రామాల్లో 3,000 మంది చిన్న రైతులకు ఫోనుల్లో హెచ్చరికలు వెళ్లేలా చేసింది. మంచిదే. మరి ఈ పనిలో దానికి జోడీ ఎవరు? యునైటెడ్ ఫాస్ఫరస్. దేశంలో పురుగుమందులు తయారుచేసే కంపెనీల్లో పెద్దది. పురుగు వస్తుందని చెప్పేవాడూ, పురుగుమందు అమ్మేవాడూ ఒకే బండికి కట్టిన ఎద్దులైతే, ఆ బండి ఎటు పోతుందో పల్లెలో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. ‘గట్టు పక్కన మట్టి తవ్వి పురుగును ఏరేయండి, మంటలు వేయండి’ అనే సలహాలో అమ్మే సరుకు లేదు. అమ్మే సరుకు లేని తెలివికి అలాంటి యంత్రంలో చోటు దొరకడం కష్టం.

ఖమ్మం జిల్లాలో మిరప రైతుల మధ్య జరిగిన ‘సాగు బాగు’ సంగతి కూడా చూడాలి. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, డిజిటల్ గ్రీన్ సంస్థ కలిసి 2022 నుంచి సుమారు 7,000 మంది రైతులతో దీన్ని నడిపాయి. యంత్రం తెలుగులో సలహాలిచ్చింది. మట్టి పరీక్షలు, కాయ నాణ్యత పరీక్షలు చేశారు. ఎకరాకు దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు వాడకం 9 శాతం తగ్గిందని, ధర 8 శాతం ఎక్కువ వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు. మిరపలో మందు ఖర్చు తగ్గిందంటే చిన్న మాట కాదు. దీన్ని మనం కాదనడం లేదు. 2023 ఆగస్టులో ఇదే వేదిక, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ డేటా ఎక్స్చేంజిని ప్రారంభించింది. పంటల సమాచారం ఒకచోట పెట్టి, సంస్థలు, కంపెనీలు వాడుకునే సంత అది. సంత అన్నాక సరుకు ఉంటుంది, సరుకుకు యజమాని ఉంటాడు. మన అనుభవమే సరుకైనప్పుడు మనం ఆ సంతలో యజమానులమా, లేక తోలుకొచ్చిన పశువులమా?

విత్తనం విషయంలో ఈ పాఠం ఒకసారి చదివాం. తరతరాలుగా పల్లెలు కాపాడిన పత్తి, జొన్న, కంది విత్తనాల మీద నిలబడి కంపెనీలు తమ రకాలను తయారుచేశాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక 450 గ్రాముల పొట్లం మీద జన్యువు రుసుము పేరుతో 1,250 రూపాయలు గుంజారు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి పోరాడాకే పొట్లం ధర 750కి దిగింది. విత్తనం చేయి జారాక కొట్లాడాం. తెలివి చేయి జారక ముందే మేలుకోవాలి.

పట్టా ఉన్నవాడే రైతా?

యంత్రానికి రైతు అంటే ఎవరు? భూమి రికార్డులో పేరున్నవాడు. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే దక్కింది, కౌలుదారుకు దక్కలేదు. కౌలుదార్లకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది గాని, తెలంగాణ వచ్చాక దాన్ని మూలకు పడేశారు. 2025లో మొదలైన రైతు గుర్తింపు సంఖ్యల నమోదు కూడా భూమి కాగితానికే ముడిపడింది. రేపు సలహా, అప్పు, బీమా అన్నీ ఈ సంఖ్య మీదుగానే నడిస్తే, హైదరాబాదులో ఉండే పట్టాదారు ఫోనుకు సలహా వస్తుంది. నాగలి పట్టిన కౌలుదారుకు రాదు. కలుపు తీసే ఆడమనిషి సంగతి అసలే లేదు.

మరి నేల గురించి ఎక్కువ తెలిసింది ఎవరికి? పటేలు చెలకలో ఏ మూల చవుడు ఉందో, ఏ ఊటలో ఎండాకాలం నీళ్లు నిలుస్తాయో పటేలుకంటే జీతగాడికే ఎక్కువ తెలుసు. విత్తనానికి ఏ కంకి ఎంచాలో, బూడిద కలిపి, వేపాకు వేసి ఎట్లా దాచాలో ఇంటి ఆడవాళ్లకే తెలుసు. ఏ చెరువు తూముకు ఎన్ని తడుల నీళ్లు వదలాలో నీరడికి తెలుసు. గొర్రెకు ఏ రోగం వస్తే ఏ ఆకు నూరాలో గొల్లకురుమలకు తెలుసు. వీళ్లలో ఎక్కువ మందికి భూమి లేదు. ఉన్నా కాగితంలో పేరు లేదు. తెలివి ఉన్నవాళ్లు రికార్డులో లేరు, రికార్డులో ఉన్నవాళ్లలో చాలామంది చేనులోకి దిగరు. ఇలాంటి రికార్డు మీద కట్టిన యంత్రం దేశీయ జ్ఞానాన్ని కలుపుకున్నానంటే ఎట్లా నమ్మాలి?

ఇంకో సంగతి. ఖర్చు తగ్గించమని యంత్రాన్ని అడిగితే ముందుగా ఏ ఖర్చు మీద పడుతుంది? కూలీ ఖర్చు మీద. కలుపు మందు కొడితే పది మంది ఆడవాళ్ల కూలి మిగులుతుందని లెక్క చెబుతుంది. ఆ మిగులు పట్టాదారుకు లాభం, ఆ పది ఇళ్లకు పస్తు. అంతేకాదు, యంత్రం కలుపు అన్న మొక్కల్లో తుమ్మికూర ఉంది, దొగ్గలికూర ఉంది, గునుగు ఉంది, పొన్నగంటి ఉంది. కలుపుకు పోయిన ఆడవాళ్లు కొంగున మూటగట్టుకొచ్చే కూర అది. ఫోటో చూసి మొక్కను గుర్తుపట్టే యంత్రానికి దాన్ని కలుపు అని నేర్పింది ఎవరు? కలుపు తీసేవాళ్లను అడిగి నేర్పితే, అదే మొక్కకు రెండు పేర్లు రాసేవాళ్లు. పంటకు పోటీ, పేదింటికి కూర. ఎవరిని అడిగి నేర్పారన్నదాన్ని బట్టే యంత్రం ఎవరి పక్షమో తేలుతుంది.

మన మాటలోనే మన తెలివి

మొగులు, పదును, అదును, దుబ్బ, చెలక, గొర్రు, గుంటుక. ఇవి వట్టి మాటలు కావు, ఒక్కొక్కటి ఒక్కొక్క పాఠం. తెలుగు యంత్రాలు ఎక్కువగా అచ్చయిన తెలుగు మీద, పత్రికల తెలుగు మీద పెరుగుతున్నాయి. పల్లె మాట అందులో తక్కువ, మెట్ట జిల్లాల మాట మరీ తక్కువ, లంబాడీ తండాల మాటకు సొంత లిపి లేదు కాబట్టి ఇంకా తక్కువ. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి పేరుతో భారతీయ భాషల పని మొదలుపెట్టింది. హైదరాబాదులో స్వేచ్ఛ సాఫ్ట్‌వేర్ ఉద్యమం వారు విద్యార్థులను కూడగట్టి, తెలుగు జానపద కథలు సేకరించి, 2024లో చందమామ కథల పేరుతో ఒక చిన్న తెలుగు నమూనాను జనం ముందు పెట్టారు. విద్యార్థుల చేత, జనం సొమ్ముగా ఇలాంటి పని చేయవచ్చని అది చూపింది. ఇదే పని చెలకల్లోకి, తండాల్లోకి రావాలి.

ఎట్లా రావాలన్నదానికి బయటి దేశంలో ఒక ఉదాహరణ ఉంది. న్యూజిలాండ్ ఉత్తర కొసన మావోరీ ఆదివాసుల రేడియో టె హికు మీడియా. 2018లో వాళ్లు తమ జనాన్ని పిలుపిస్తే, 10 రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ మాటలు రికార్డయ్యాయి. వాటితో మావోరీ మాటను అర్థం చేసుకునే యంత్రాన్ని వాళ్లే తయారుచేసుకున్నారు. గంటకు ఇంత అని వెల కట్టి ఆ గొంతులను కొనబోయిన కంపెనీకి అమ్మం పొమ్మన్నారు. తమ జనానికి మేలు జరిగే పనికే ఆ సమాచారం వాడాలని సొంత లైసెన్సు రాసుకున్నారు. మన పక్కనే పాత మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియోను నడుపుతున్నారు. చిరుధాన్యాలు, విత్తనాలు, ఆకుకూరల సంగతులు తమ గొంతుతోనే చెప్పుకున్నారు. మైకు పట్టిన చేయి ఎవరిదన్నదే ముఖ్యం.

చట్టాలున్నాయి, కాని చాలవు

మన తెలివి మీద పరాయివాళ్లు హక్కు రాయించుకోవడం కొత్త కాదు. దెబ్బకు పసుపు రాస్తే మానుతుందన్న ముచ్చటకు 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. వేప మీద యూరపులో ఇచ్చిన పేటెంటును 2000లో రద్దు చేయించారు, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. పసుపు సంగతి పుస్తకాల్లో రాసి ఉంది కాబట్టి గెలిచాం. నోటి మాటగా ఉన్నదానికి సాక్ష్యం ఏది?

నల్లమల చెంచులను చూడండి. అమ్రాబాద్ అడవుల్లో ఏ తేనెపట్టును ఎంత కోయాలో, మళ్లీ పెరగడానికి ఎంత వదలాలో, ఏ వేరు ఏ నొప్పికో వాళ్లకు తెలుసు. 1940లో హైమన్‌డార్ఫ్ వచ్చి వాళ్ల మధ్య ఉండి, 1943లో పుస్తకం అచ్చువేశాడు. పుస్తకం ప్రపంచమంతా తిరిగింది, చెంచుపెంటలో బతుకు మాత్రం పెద్దగా మారలేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామంలో యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా, వాటి తెలివీ రిజిస్టరులో రాయాలి, వాడుకున్న కంపెనీ లాభంలో వాటా ఇవ్వాలి. కాని 2023 సవరణతో, గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు వాటా ఇచ్చే బాధ్యత తీసేశారు. నేరం అనేదాన్ని జరిమానాకు దించారు. ఇక ఆ తెలివిని యంత్రానికి శిక్షణగా వాడితే వాటా ఎంత అన్నది ఆ చట్టంలో స్పష్టంగా రాయనే లేదు.

సమష్టి హక్కు అనేది సాధ్యం కాని పని కాదు. మన నల్లగొండ పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నాటికే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఏ ఒక్క సేటుకూ కాక నేతగాళ్ల సమూహానికి దక్కిన హక్కు అది. అయినా మిల్లుల్లో అచ్చొత్తిన దొంగ ఇక్కత్ ఆగలేదు. చట్టం ఒక్కటే చాలదు, దాన్ని పట్టుకొని నిలబడే సంఘం కావాలి. ప్రపంచంలో కూడా గాలి కొంచెం మారుతోంది. జన్యు వనరుల మీద, వాటి తెలివి మీద పేటెంటు అడిగేవాడు అది ఎక్కడిదో చెప్పాలని 2024 మేలో జెనీవాలో ఒప్పందం కుదిరింది. జీవజాలపు జన్యు సమాచారాన్ని కంప్యూటర్లలో వాడుకొని లాభపడే కంపెనీలు కొంత సొమ్ము కట్టాలని, అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక ప్రజలకు చేరాలని 2025 ఫిబ్రవరిలో కాలి నిధి మొదలైంది. కట్టడం ఇంకా కంపెనీల ఇష్టం మీదే ఉంది. అయినా సమాచారానికీ వాటా ఉంటుందని ప్రపంచం ఒప్పుకున్నది. అది మనకు పట్టుకొమ్మ.

మనం అడగవలసినవి

కృత్రిమ మేధ వద్దని మనం అనడం లేదు. ట్రాక్టరు వచ్చినప్పుడూ సమస్య ట్రాక్టరు కాదు, అది ఎవరి చేతిలో ఉందన్నదే. ఇప్పుడూ అంతే. కాబట్టి గ్రామసభల్లో, రైతు సంఘాల్లో, వ్యవసాయ కార్మిక సంఘాల్లో ఈ కోర్కెలను చర్చకు పెట్టాలి.

మొదటిది, ఊరి తెలివిని రికార్డు చేయడానికి ఎవరు వచ్చినా గ్రామసభ అనుమతి కావాలి. ఏజెన్సీలో, తండాల్లో, చెంచుపెంటల్లో వాళ్ల భాషలోనే వివరించి అడగాలి. వద్దంటే తిరిగి వెళ్లాలి.

రెండోది, ప్రజల సొమ్ముతో, ప్రజల తెలివితో తయారైన యంత్రం ప్రజలకే చెందాలి. పురుగుమందుల కంపెనీలకు, విత్తనాల కంపెనీలకు సలహాలిచ్చే పనిలో జోడీ ఉండకూడదు. ఆ తెలివితో ఎవరు లాభం తీసినా ఊరి జీవవైవిధ్య కమిటీకి వాటా చేరాలి.

మూడోది, కౌలుదారు, కూలీ, ఆడమనిషి, నీరడి, గొల్ల, చెంచు అందరూ లెక్కలోకి రావాలి. పట్టా కాగితంతో పనిలేకుండా సాగు చేసేవాడికి సలహా, బీమా దక్కాలి. కూలీ రోజులు తగ్గించే సలహా ఇచ్చేముందు ఆ కూలీకి మరో పని ఏదో యంత్రం పెట్టినవాడే చెప్పాలి.

నాలుగోది, ఏ సలహా అయినా ముందు మన నేలలో, మన వానలో, మన మనుషుల కళ్ల ముందు పరీక్షించాలి. పాత పద్ధతినీ పరీక్షించాలి, కొత్త యంత్రాన్నీ పరీక్షించాలి. సలహా తప్పి పంట పోతే పరిహారం ఎవరిస్తారో ముందే కాగితం మీద రాయాలి.

ఐదోది, సలహా ఒక్కొక్క ఫోనుకు కాక ఊరికి రావాలి. గ్రామ పంచాయతీ దగ్గర, రైతు వేదిక దగ్గర నలుగురూ విని, నలుగురూ తర్కించి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని తేల్చాలి. తప్పయితే యంత్రాన్ని దిద్దే హక్కు ఊరికి ఉండాలి.

ఇవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు. కూలి రేటు పెంచుకున్నదీ, వెట్టి పోగొట్టుకున్నదీ, కౌలు చట్టం తెచ్చుకున్నదీ కలిసి అడిగితేనే. సంఘం ఉన్న ప్రతి ఊరూ ఈ ఎండాకాలంలోనే ఒక పని మొదలుపెట్టవచ్చు. ఊరి జీవవైవిధ్య కమిటీ ఉందో లేదో కనుక్కోండి. ఉంటే రిజిస్టరు చూపమనండి. అందులో మీ ఊరి కూరాకుల పేర్లు, విత్తనాల పేర్లు, వాన గుర్తులు, పురుగు గుర్తులు ఉన్నాయో లేవో చదివించండి. లేకుంటే మన ఆడవాళ్ల నోట, మన జీతగాళ్ల నోట రాయించండి. రాసిన ప్రతి పేజీ కింద ఇది ఫలానా ఊరి ఉమ్మడి ఆస్తి అని రాసి, గ్రామసభలో తీర్మానం చేయండి. అప్పుడు యంత్రం పట్టుకొని ఎవరు వచ్చినా, ముందుగా యజమాని ఎవరో తెలుసుకొని, గడప బయట ఆగి అడుగుతారు.